ఫొటో వెనక రాయని పేర్లు

చాలా ఇళ్లలో పాత ఫొటోలు ఆల్బంలో ఉండవు. బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటాయి. ట్రంకుపెట్టెలో ఇత్తడి సామాను పక్కన, లేదంటే మూత సొట్టపడ్డ బిస్కట్ డబ్బాలో ఉంటాయి. మూత తీయగానే ముందు కలరా ఉండల వాసన వస్తుంది. లోపల అంచులు రంపపు పళ్లలా కోసిన చిన్న చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, స్టూడియో ముద్ర ఉన్న గోధుమరంగు కవరు, వెలుతురుకి పెట్టి చూస్తే తెల్ల జుట్టు, నల్ల పళ్ల మనుషులు కనిపించే నెగెటివ్ ముక్కలు. ఏదో దరఖాస్తుకని దిగిన పాస్‌పోర్టు ఫొటోల్లో మిగిలిపోయిన రెండు కాపీలు. వెనక్కి తిప్పి చూస్తే మాత్రం నూటికి తొంభై ఖాళీ.

రాయకపోవడం నిర్లక్ష్యం కాదు. రోజూ ఇంట్లో తిరిగే మనిషి పేరు ఫొటో వెనక ఎవరు రాసుకుంటారు? అందరికీ తెలిసినవాళ్లే కదా. అలా తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, అరుగు మీద కూర్చున్న పదమూడు మందిలో నలుగురే తేలతారు. మిగతా తొమ్మిదిమందీ ‘ఎవరో చుట్టాలు’ అయిపోతారు.

అందుకే పాత ఫొటోల్ని కంప్యూటర్‌లో దాచి, పేర్లు రాసిపెట్టే పనిలో మొదట కావలసింది స్కానర్ కాదు. చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. కొత్త స్కానర్ కొని, మూడు ఆదివారాలు కూర్చుని, ఎనిమిది వందల ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెద్ద పని అయిపోయిందనుకుంటారు. అయింది సగం కూడా కాదు. డబ్బాలో పేర్లు లేకుండా ఉన్నవి ఇప్పుడు హార్డ్ డిస్కులో పేర్లు లేకుండా ఉన్నాయి, అంతే తేడా. కాగితం ఫొటో ఇంకో పదేళ్లు ఆగుతుంది. ఎనభై దాటిన మేనత్త జ్ఞాపకశక్తి ఆగదు. ముందు ఆవిడ దగ్గర కూర్చోవాలి.

కూర్చోవడానికీ ఒక పద్ధతి ఉంది. డబ్బా మొత్తం ఆవిడ ఒళ్లో పెడితే పది నిమిషాల్లో అలసిపోతారు. ఒక పూటకి ఇరవై, మహా అయితే పాతిక ఫొటోలు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకి రెండంగుళాల ఫొటోలో ముఖం ఆనదు. ఫోన్‌తో తీసి టాబ్లెట్‌లోనో టీవీలోనో పెద్దది చేసి చూపించాలి. అయితే అసలు ఫొటోని కూడా చేతికివ్వాలి, ఎందుకంటే కాగితం పట్టుకుంటే గుర్తొచ్చేవి కొన్ని ఉంటాయి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. బల్ల మీద పెడితే గ్లాసు కదిపిన ప్రతి చప్పుడూ పడుతుంది. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే మాటలకంటే గాలి ఎక్కువ వినిపిస్తుంది. ప్రతి ఫొటో మొదలుపెట్టేముందు దాని నంబరు పైకి చెప్పాలి: ‘పదిహేడో ఫొటో’. ఈ చిన్న పని మర్చిపోతే, తర్వాత నలభై నిమిషాల రికార్డింగ్‌లో ‘ఇదిగో ఈవిడ’ అన్నప్పుడు ఆ ‘ఈవిడ’ ఎవరో ఇక తెలియదు.

‘వీళ్లెవరు?’ అని అడిగితే పేరొక్కటే వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ‘ఈ కుర్చీ మనదేనా, ఎక్కణ్ణుంచైనా తెచ్చారా?’ అని అడగండి. బడి నుంచి తెచ్చిన కుర్చీలని చెబుతారు. ఆ బడి మేష్టారెవరో, ఆయన ఎందుకిచ్చాడో, ఆ రోజు వంట ఎవరు చేశారో వరసగా వస్తాయి. మనుషుల పేర్లు తట్టనప్పుడు వస్తువుల్ని పట్టుకుని వెళ్లాలి. మధ్యలో ‘కాదత్తయ్యా, అది అరవై ఎనిమిదిలో’ అని దిద్దకూడదు. దిద్దితే ఆ తర్వాత ఆవిడ మీకు నచ్చే సమాధానాలే చెబుతారు. ఒకే ముఖాన్ని అత్తయ్య ఒకలాగా, పెద్దనాన్న ఇంకొకలాగా చెబితే రెండూ రాసుకోవాలి, ఎవరేం చెప్పారో కూడా.

పేరు రాయడం సులువైన పని అనుకుంటాం కానీ, తెలుగిళ్లలో చిక్కంతా అక్కడే. ఫొటో వెనక ‘చిన్నమామయ్య, అత్తయ్య’ అని రాసి ఉంటుంది. ఎవరికి మామయ్య? రాసినవాళ్లకి. రాసిందెవరో తెలియకపోతే ఆ మాటకి విలువ లేదు. అత్తయ్య అంటే నాన్న చెల్లెలు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, అత్తగారూ కావచ్చు. మేనరికం పెళ్లిళ్లున్న ఇంట్లో ఒకే మనిషి ఒకరికి తమ్ముడు, ఇంకొకరికి అల్లుడు, మరొకరికి ఈ రెండూ. ఇక బుజ్జి, చిట్టి, చంటి, బాబు, పెద్దపాప లేని వీధే లేదు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల మూడు తరాల్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఆడవాళ్లకి పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. 1950లో పదేళ్ల పిల్ల ఫొటో కింద ఆవిడ అత్తింటి ఇంటిపేరు రాస్తే, పుట్టింటివైపు పిల్లలెవరూ వెతికి పట్టుకోలేరు.

కాబట్టి ఒకసారి నియమం పెట్టుకుని దానికే కట్టుబడాలి. పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు, తెలిస్తే పుట్టిన సంవత్సరం, ఇంట్లో పిలిచే పేరు. వరస రాయదలిస్తే ఇంట్లో ఒక్క మనిషిని ఎంచుకుని, అందరినీ ఆ మనిషికి ఏమవుతారో అలాగే రాయాలి. సాధారణంగా ముత్తాత ముత్తవ్వల జంటని ఆధారంగా పెట్టుకుంటే చిక్కు తక్కువ: ‘వీరి మూడో కూతురు’, ‘వీరి పెద్దకొడుకు రెండో కొడుకు’. గ్రూపు ఫొటో అయితే ‘ఎడమ నుంచి’ అని రాసేటప్పుడు అది చూసేవాళ్ల ఎడమా, ఫొటోలో ఉన్నవాళ్ల ఎడమా అన్నది మొదటి పేజీలోనే చెప్పేయాలి. కింద జంఖానా మీద కూర్చున్న పిల్లల వరస, కుర్చీల వరస, నిలబడ్డవాళ్ల వరస విడివిడిగా రాయాలి. గుర్తుపట్టని మనిషి దగ్గర చోటు వదిలేయకుండా ‘తెలియదు’ అని రాయాలి. చోటు వదిలేస్తే తర్వాతి పేర్లన్నీ ఒక మనిషి పక్కకి జరిగిపోతాయి.

ఇదంతా ఫొటో వెనక పట్టదు, పట్టించనూ కూడదు. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గీతలు ముఖాల మీదికి పొడుచుకొస్తాయి. పాత కాగితం ప్రింటు మీద మెత్తటి పెన్సిల్‌తో అంచు పక్కన ఒక్క నంబరు రాస్తే చాలు. డెబ్బైల తర్వాత వచ్చిన కలర్ ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాని మీద పెన్సిల్ నిలవదు. వాటికి చెరగని సన్న పిగ్మెంట్ పెన్ను వాడి, ఆరేదాకా ఒకదానిమీద ఒకటి పెట్టకూడదు. మిగతా వివరమంతా ఎక్సెల్ షీటులోకి: నంబరు, ఎవరింట్లో దొరికింది, వెనక ఉన్న రాత ఉన్నదున్నట్టు, తేదీ, ఆ తేదీ ఎలా తేలింది, ఊరు, మనుషులు, ఎవరు చెప్పారు. చివరి గడి వద్దనిపిస్తుంది కానీ, పదేళ్ల తర్వాత అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే.

నంబరు వేయడం కొత్త సంగతేమీ కాదు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, నెగెటివ్ మీదే నంబరూ పేరూ రాసేవారు. ఆయన గాజు నెగెటివ్‌లు వేల సంఖ్యలో ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటిని చూసి ఇది ఫలానా భవనం, ఫలానా దొర అని చెప్పగలుగుతున్నామంటే అందులో ఆ రాతల పుణ్యం చాలా ఉంది. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో ఆయన హైదరాబాదులో జెనానా స్టూడియో కూడా తెరిచారు, అక్కడ ఫొటోలు తీసిందీ ఆడమనిషే.

తేదీలు తేల్చడం ఈ పనిలో సరదా భాగం. ఫొటో తనంతట తాను చాలా చెబుతుంది. రెండుంబావు అంగుళాల చతురస్రం అయితే అది 120 ఫిల్ము, రోలుకి పన్నెండు ఫొటోలు. ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాల సరుకు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ‘ఇందు’ ఫిల్ములు, బ్రోమైడ్ కాగితాలు ఉన్న కాలం అది. రంపపు అంచులుంటే చాలావరకు నలభైల నుంచి అరవైల మధ్య. స్టూడియో కవరు మీద ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1 నాడు నయాపైసలు రాకముందుది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. విజయనగరం జిల్లా అని ఉంటే 1979 తర్వాతది. వెనక స్కూటర్ ఆగి ఉంటే నంబరు ప్లేటు చూడండి. మూడు ఇంగ్లిషు అక్షరాల పాత నంబరు అయితే ఆ బండి 1989కి ముందు రిజిస్టర్ అయింది. ఏపీ పక్కన అంకె ఉన్న నంబరు అయితే ఆ తర్వాతది. టీఎస్ అయితే 2014 జూన్ నుంచి, టీజీ అయితే 2024 మార్చి నుంచి. మారుతీ 800 కనిపిస్తే 1983 డిసెంబరుకి ముందు అయ్యే ప్రసక్తే లేదు. వీటిలో చాలావి ‘ఇంతకు ముందు కాదు’ అనే చెబుతాయి, ఏదీ ‘ఇప్పుడే’ అని చెప్పదు. పాత నంబరు బండి ఇరవై ఏళ్లు తిరిగి ఉండొచ్చు. పాత కవర్లని స్టూడియోవాళ్లు అయిపోయేదాకా వాడి ఉండొచ్చు.

మూలన నారింజ రంగులో తేదీ పడ్డ తొంభైల నాటి ఫొటోల్ని చూసి మురిసిపోకండి. ఆ కెమెరాల్లో బ్యాటరీ మార్చగానే తేదీ మొదటికి వెళ్లిపోయేది, ఎవరూ సరిచేసేవారు కాదు. రోలు మొత్తం జనవరి ఒకటిన తీసినట్టు ఉండి, ఫొటోలో మాత్రం మామిడిపళ్ల గంపలు కనిపిస్తే తప్పెవరిదో తెలిసిపోతుంది.

పెళ్లి ఫొటోలకి శుభలేఖని మించిన ఆధారం లేదు. ఇంగ్లిషు తేదీ చిరిగిపోయినా ‘స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర’ అన్న ముక్క మిగిలితే చాలు. అరవై ఏళ్ల చక్రం కాబట్టి క్రోధి అంటే 1964-65, లేదా 2024-25, లేదా 1904-05. ఏ అరవైయో పెళ్లికూతుర్ని చూస్తే తెలుస్తుంది. ఇక్కడే చాలామంది ఒక ఏడాది తప్పుతారు. తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది. క్రోధిలో వైశాఖం పెళ్లి అయితే 1964. అదే క్రోధిలో మాఘం, ఫాల్గుణం అయితే 1965 ఫిబ్రవరి, మార్చి. ఆషాఢంలో పెళ్లి అని ఎవరైనా చెబితే ఇంకోసారి అడగండి.

ఆ డబ్బాల్లో దాదాపు తప్పకుండా దొరికే ఫొటో ఒకటుంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల, పట్టుపావడా, పూలజడ. సంక్రాంతికో, వేసవిలో మల్లెమొగ్గల రోజుల్లోనో మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చోబెట్టి కుట్టిన జడ, పూలు వాడకముందే స్టూడియోకి తీసుకెళ్లాలి. వెనక నిలువుటద్దం. పిల్ల ముఖం కెమెరా వైపు, జడ అద్దంలో. ఒక్క ఫొటోలో రెండు పక్కలూ రావాలని స్టూడియోవాళ్లు కనిపెట్టిన చిట్కా అది. అద్దం పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, వెనక మెట్లూ స్తంభాలూ గీసిన తెర. ఏడ్చి ఏడ్చి ఆపిన కళ్లు కూడా చాలా వాటిలో కనిపిస్తాయి. ఈ ఫొటోని స్కాన్ చేసేటప్పుడు అద్దంలో జడ మీద ఒకసారి, ముఖం మీద ఒకసారి పెద్దది చేసి చూడండి. చాలాసార్లు ముఖం స్పష్టంగా ఉండి అద్దంలో జడ కాస్త అలికినట్టు ఉంటుంది. అది స్కానర్ తప్పు కాదు. కెమెరాకి అద్దంలో బొమ్మ అద్దం ఉన్నంత దూరంలో కాదు, దానికి ఇంకా వెనక ఉన్నట్టు లెక్క. ఫోకస్ పిల్ల ముఖానికి పెడితే జడకి అందదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పదును పెట్టాలని చూస్తే మొగ్గలు సగ్గుబియ్యంలా తయారవుతాయి. వదిలేయండి.

నెగెటివ్‌నుంచి స్కాన్ చేస్తే ఇంకో ప్రమాదం: కుడి ఎడమలు తారుమారు కావడం. ఫిల్ముకి మెరిసే పక్క, మసకగా ఉండే పక్క ఉంటాయి. తప్పు పక్క పెడితే బొమ్మ తిరగబడుతుంది, చూడ్డానికి ఏమీ తేడా తెలియదు. పట్టుకోవాలంటే పైట చూడండి. మనవైపు పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫొటోలో ఆడవాళ్లందరికీ కుడి భుజం మీద ఉందంటే ఫిల్ము తిరగబడినట్టే. మగవాళ్ల చొక్కా గుండీలు, గోడమీద క్యాలెండరు అక్షరాలు కూడా సాక్ష్యం చెబుతాయి. నెగెటివ్ అంచున ఉండే అంకెల్ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. కలిసిపోయిన ప్రింట్లని తీసిన వరసలో పెట్టేది అవే. ఎవరో తెలియని పెద్దాయన ఫొటో పద్నాలుగో ఫ్రేము, పదమూడు తిరుపతి మెట్లు, పదిహేను కొండమీద గుండు చేయించుకున్న పిల్లాడు అయితే, ఆయన ఆ ప్రయాణంలో కలిసినవాడని తేలిపోయింది. నెగెటివ్ డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వేస్తోందా, ఫిల్ము కుళ్లడం మొదలైంది. దాన్ని మిగతావాటినుంచి వేరుచేసి ముందు స్కాన్ చేయాలి, ఆ ఆవిరి పక్కవాటినీ పాడు చేస్తుంది.

ఇక స్కానింగ్. పోస్టుకార్డు సైజు ప్రింటు, అంటే నాలుగు బై ఆరు అంగుళాలది, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, చేస్తే 2400 బై 3600 పిక్సెళ్లు వస్తుంది. రెట్టింపు సైజు ప్రింటు వేసుకోవడానికి సరిపోతుంది. పాస్‌పోర్టు ఫొటోలు, రెండంగుళాల చతురస్రాలు 1200లో చేయాలి. 35 ఎంఎం నెగెటివ్‌కి 3200. అంతకంటే పెంచితే ఫైలు బరువు పెరుగుతుంది కానీ ముఖంలో కొత్త వివరం రాదు. ప్రింటులో లేనిది స్కానర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఏ4 గాజు మీద పోస్టుకార్డు సైజువి నాలుగు పడతాయనుకుంటారు. మూడే పడతాయి, నాలుగోది ముప్పావు సెంటీమీటరు బయటికి వస్తుంది. పాత మూడున్నర బై ఐదువి మాత్రం నాలుగు చక్కగా ఇమిడిపోతాయి. మూలప్రతి టిఫ్‌లో, అంటే కుదించని ఫైలుగా, ఒకటి దాచితే ఒక్కోటి 26 ఎంబీ దాకా వస్తుంది, వెయ్యి ఫొటోలకి 26 జీబీ. పంచుకోవడానికి జేపెగ్ చాలు. నలుపుతెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయాలి. మరకలు పసుపులో ఉంటాయి కాబట్టి, కలర్‌లో ఉంటేనే తర్వాత వాటిని విడిగా తగ్గించే వీలుంటుంది.

గాజు మీద పెట్టేముందు కెమెరా బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు. నోటితో ఊదితే తుంపర్లు పడి జిలెటిన్ మీద, అంటే బొమ్మని పట్టి ఉంచే పొర మీద, మచ్చలై కూర్చుంటాయి. తడిబట్ట, శానిటైజర్, కొబ్బరినూనె, ఏదీ వద్దు. నెగెటివ్ స్కానర్లలో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సౌకర్యం ఉంటుంది. కలర్ నెగెటివ్‌లకి అద్భుతంగా పనిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం ఆపేయాలి. అందులో ఉన్న వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది, యంత్రం వెండినే దుమ్మనుకుని ముఖాల్ని చెరిపేస్తుంది.

దండ వేసిన పటాల సంగతి వేరు. ఏళ్ల తరబడి వానాకాలం తేమకి జిలెటిన్ మెత్తబడి ఫొటో గాజుకి అతుక్కుపోతుంది. లాగితే ముఖం గాజుకే ఉండిపోతుంది. లాగకండి. ఫ్రేము వెనక మేకులు తీసి, గాజుతో సహా స్కానర్ మీద బోర్లించండి. బొమ్మ మసకగా వస్తే స్కానర్ రకం చూడండి. పల్చటి చవకరకం స్కానర్లు చాలావాటిలో సీఐఎస్ అనే సెన్సర్ ఉంటుంది, అది గాజుకి ఆనినదాన్నే స్పష్టంగా చూస్తుంది. మధ్యలో ఇంకో గాజు మందం వస్తే చాలు, చూపు తప్పుతుంది. సీసీడీ రకం అయితే కొన్ని మిల్లీమీటర్లు ఎడం ఉన్నా పడుతుంది. అదీ లేకపోతే ఉత్తరం వైపు వరండాలో నేలమీద పరిచి, పైన నల్లబట్ట పట్టుకుని ఫోన్‌తో నిలువుగా తీయండి. గాజు మీద పెట్టిన కుంకుమ బొట్టు తుడవాలా వద్దా అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవాలి. తుడవకుండా ఒకటి, తుడిచి ఒకటి తీసుకోవడం మంచిది. పటాల్లో ఉండే ముఖాలు చాలావరకు గ్రూపు ఫొటోలోంచి పెద్దవి చేయించి, స్టూడియో ఆర్టిస్టు చేత కళ్లూ జుట్టూ దిద్దించినవే. ఆ గ్రూపు ఫొటో చెల్లెలి ఇంట్లోనో మరదలి ఇంట్లోనో దొరికే అవకాశం ఉంది. దొరికితే అందులో ఉన్నదే అసలు ముఖం.

ఎనభై, తొంభైల నాటి జిగురు ఆల్బంలు అన్నిటికంటే పెద్ద దొంగలు. మందపాటి అట్ట, జిగురు చారలు, పైన ప్లాస్టిక్ రేకు. అంతకుముందు నల్లకాగితాల ఆల్బంలు, నాలుకతో తడిపి అతికించే మూలలు, మధ్యలో సాలెగూడు డిజైన్ ఉన్న పల్చని కాగితం ఎంత మేలో ఇప్పుడు తెలుస్తోంది. వాటిలో ఫొటో వెనక జిగురే తగిలేది కాదు. జిగురు ఆల్బంలోంచి ఫొటో తీయాలంటే మైనం లేని డెంటల్ ఫ్లాస్, అంటే పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం, ఒక మూరెడు తీసుకుని, ఫొటో ఒక మూలనుంచి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ వెనకనుంచి రావాలి. ఫొటోని వంచకూడదు, అట్టనే వంచాలి. రాకపోతే రెండోసారి బలవంతం చేయొద్దు, ప్లాస్టిక్ లేపి పేజీ మొత్తం స్కాన్ చేయండి. ఏది తీసేముందైనా ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసుకోవాలి. ఏ ఫొటో పక్కన ఏది పెట్టారన్నది కూడా ఆ ఇల్లాలు చెప్పిన కథే. తీసి కుప్ప పోశాక ఆ వరస మళ్లీ దొరకదు.

డెబ్బైలు, ఎనభైల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారడం అందరూ చూసే ఉంటారు. ఎండ తగలకుండా బీరువాలో దాచినా అంతే. ఆ కాలం కాగితాల్లో నీలిరంగు పొర చీకట్లో కూడా, వేడికి కరిగిపోయేది. ఎరుపు మిగిలిపోయింది. స్కాన్ చేశాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెవెల్స్ విడివిడిగా సరిచేస్తే చాలావరకు తిరిగొస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో పసుపు మరకలు వస్తే అవి స్టూడియోవాడు హైపోని, అంటే బొమ్మని నిలబెట్టే రసాయనాన్ని, సరిగ్గా కడగకపోవడం వల్ల. నల్లటి భాగాల అంచున నీలంగా అద్దంలా మెరిస్తే వెండి పైకి తేలింది. ఈ రెండూ ఇంట్లో బాగుచేసేవి కావు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఫోన్ యాప్‌లో ఒక్క మీట నొక్కి ‘ముఖం స్పష్టం’ చేసే వాటిని నమ్మొద్దు. చుక్కల్లా ఉన్న ముఖంలో అవి లేని రెప్పల్ని, లేని పెదవుల్ని కల్పించి పెడతాయి. ఫొటో బాగుంటుంది, మనిషి మాత్రం నాయనమ్మ కాదు. సరదాకి రంగులేసుకుంటే వేసుకోండి, ఫైలు పేరులోనే ‘రంగులేసినది’ అని రాయండి. లేకపోతే మరో పదేళ్లకి ఆ ఆకుపచ్చ చీర నిజమే అయిపోతుంది.

ఫైలు పేరు అంకెలతో మొదలవాలి, సంవత్సరం, నెల, వరస నంబరు: 1964-05-011. నెల తెలియకపోతే 1964-00-011. అప్పుడు కంప్యూటర్ తనంతట తానే వరసలో పెడుతుంది. ఊరూ మనుషులూ పేరులో ఇరికించకుండా ఫొటో ఫైల్లోనే ఉండే క్యాప్షన్ గడిలో తెలుగులో రాయాలి. డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వందల ఫొటోలకి ఒక్కసారే రాయొచ్చు, స్కాన్ చేసిన తేదీ బదులు అసలు తేదీ పెట్టొచ్చు. టైపు చేసేది యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన జాబితాలు వెతికితే దొరకవు, వేరే కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి అక్షరాలే. గూగుల్ ఫొటోస్‌లో కింద రాసిన వివరణ ఫొటో ఫైల్లోకి ఎక్కదు. అన్నీ కిందికి దించుకున్నప్పుడు అది పక్కన వేరే చిన్న ఫైలుగా వస్తుంది. ఉచిత స్థలం కూడా 2021 జూన్ నుంచి మెయిల్‌తో కలిపి 15 జీబీనే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. అమెరికాలో కొడుకు ఉంటే ఒక హార్డ్ డిస్కు అక్కడికి పంపించండి, పచ్చళ్ల సీసాకి దూరంగా సర్ది.

పంచుకోవడంలో జరిగే పొరపాటు ఒక్కటే: ఆదివారం పొద్దున్నే కుటుంబ వాట్సాప్ గ్రూపులో మూడు వందల ఫొటోలు కుమ్మరించడం. దండం పెట్టే గుర్తులు యాభై వస్తాయి, పేరు ఒక్కటీ రాదు. రోజుకొక్కటి పెట్టండి. ముఖాల మీద అంకెలు వేసి, ‘4వ నంబరు ఎవరు? 7వ నంబరు చేతిలో ఉన్నది ఏమిటి?’ అని రెండే ప్రశ్నలు అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, లోపల రాసిన తేదీ, క్యాప్షన్ ఎగిరిపోతాయి. దాచుకోవలసిన కాపీని డాక్యుమెంట్‌గా పంపాలి. గ్రూపులోంచి వచ్చిన ఫైలు పేరులో ఉండే తేదీ అది మీకు చేరిన రోజుది, ఫొటో తీసిన రోజుది కాదు. అలా పొరబడి తాతగారి పెళ్లిని 2019లో పెట్టినవాళ్లున్నారు.

కొన్ని ఫొటోలు గ్రూపుకి కావు. కత్తిరించిన ముఖాలు, నిలవని పెళ్లి, దత్తత వెళ్లిన పిల్ల, ఎవరూ మాట్లాడుకోని అన్నదమ్ములు పక్కపక్కన నవ్వుతున్నవి. ముందు సంబంధించిన మనిషికి ఒక్కరికే చూపించి అడగాలి. వద్దంటే స్కాన్ చేసి, వివరం రాసి, వేరే ఫోల్డర్‌లో ఉంచాలి. కత్తిరించిన ఫొటోని కూడా ‘బాగుచేయించ’కూడదు.

చివరికి పుస్తకం వేయించదలిస్తే నలభై పేజీలు మించనివ్వకండి. పేజీకి ఒక ఫొటో, దాని కింద నాలుగైదు వరసలు, అవీ పెద్దవాళ్లు చెప్పిన మాటల్లోనే. ‘మా నాన్న ఈ కోటు అద్దెకి తెచ్చాడు’ అన్న వాక్యాన్ని గ్రాంథికంలోకి మార్చకండి. తెలుగు అచ్చులో వత్తులు విడిపోవడం పెద్ద బెడద. ప్రెస్సుకి వర్డ్ ఫైలు ఇవ్వొద్దు. మండలి, నోటో లాంటి యూనికోడ్ ఫాంటుతో, ఫాంటు లోపలే ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వాలి. ఒక కాపీ ప్రూఫు తెప్పించి ‘క్ష్మ’, ‘స్త్ర’ ఉన్న పేర్లన్నీ వేలు పెట్టి చదవాలి. లక్ష్మి లేని తెలుగు కుటుంబం ఉండదు కాబట్టి పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఎంత చేసినా ఎవరో తెలియని ఫొటోలు ముప్పయ్యో నలభయ్యో మిగులుతాయి. పారేయకండి. ఏ డబ్బాలో, దేని పక్కన దొరికిందో రాసి ఒక కవరులో పెట్టండి. ఇంట్లో జరిగే తర్వాతి పెళ్లికి వాటిని పెద్దవిగా ప్రింటు వేయించి, నంబర్లు వేసి, ఒక థర్మాకోల్ బోర్డు మీద అంటించండి. బోర్డు పెట్టవలసింది వేదిక దగ్గర కాదు, భోజనాల హాలు బయట, బంతి లేచేదాకా జనం నిలబడే చోట. పెద్దవాళ్లకి రెండు కుర్చీలు కూడా. పక్కన తెల్లకాగితం, ఒక స్కెచ్ పెన్ను. పెన్నుని దారంతో బోర్డుకి కట్టాలి, లేకపోతే మొదటి బంతి పూర్తికాకముందే ఏ పిల్లాడో పట్టుకుపోతాడు.